దాణాలో ఉన్న లైసిన్ ఎంత, కోడి రక్తంలోకి చేరేది ఎంత?

రెండు దాణాల్లోనూ ముడి ప్రోటీన్ 22 శాతమే. ఒకటి తిన్న బ్రాయిలర్లు బాగా బరువు తూగుతాయి. రెండోది తిన్నవి వెనకబడతాయి, లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచిన పొట్టు) తడిసి అమ్మోనియా ఘాటు కొడుతుంది. సంచి మీది అంకె అబద్ధం కాదు. అయితే అది చెప్పేది చాలా తక్కువ. దాణాలోని నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తే వచ్చేదే ముడి ప్రోటీన్. ప్రోటీన్ గొలుసును కట్టే ముక్కలు అమైనో ఆమ్లాలు, లైసిన్ వాటిలో ఒకటి. ఆ నత్రజని ఏ అమైనో ఆమ్లంలో ఉందో, అందులో పేగు గోడ దాటేదెంతో ఆ లెక్కలో ఉండదు.

ఈ విషయంలో గందరగోళం ఎక్కువగా మూడు మాటలను కలిపేయడం వల్ల వస్తుంది. జీర్ణం కావడం అంటే ప్రోటీన్ ముక్కలు కావడం. శోషణ అంటే ఆ ముక్కలు పేగు గోడ దాటడం. జీర్ణత అంటే కొలతలో వచ్చే అంకె, అంటే తిన్నదాంట్లో ఎంత భాగం చిన్నపేగు చివరికి చేరేలోపు మాయమైందన్నది. మొదటి రెండూ కోడి లోపల జరిగే పనులు, మూడోది మనం వేసే లెక్క. మాయమైనదంతా కండగా మారిందని ఆ లెక్క చెప్పదు.

ముక్కలయ్యే దారి

కోడికి పళ్లు లేవు. మింగిన గింజ మెడ కిందున్న క్రాప్‌లో కాసేపు నాని, ప్రొవెంట్రిక్యులస్ అనే గ్రంథి జీర్ణాశయంలోకి దిగుతుంది. మన జీర్ణాశయంలో ఆమ్లాన్ని, పెప్సినోజెన్‌ను (పెప్సిన్ ఎంజైముకు ముందు రూపం) వేరువేరు కణాలు స్రవిస్తాయి. కోడిలో రెండూ ఒకే రకం కణం నుంచి వస్తాయి. అక్కడ మేత ఎక్కువసేపు ఆగదు. ఆమ్లం, పెప్సిన్ అసలు పని చేసేది ఆ తర్వాతి కందనకాయలో. కందనకాయను చాలామంది తిరగలిగా మాత్రమే చూస్తారు. నిజానికి ప్రోటీన్ జీర్ణం మొదలయ్యే పాత్ర కూడా అదే. ఆమ్లం తగిలి ప్రోటీన్ మడతలు విప్పుకుంటాయి, పెప్సిన్ వాటిని పొడవాటి ముక్కలుగా కోస్తుంది.

పెప్సిన్‌కు పీహెచ్ 2 నుంచి 3 వరకు నప్పుతుంది, 4 దాటితే దాని పని బాగా మందగిస్తుంది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది మేతను మరీ మెత్తగా పిండి చేయడం. నలపడానికి ఏమీ లేకపోతే కందనకాయ కండరం పెరగదు, మేత అందులో ఆగకుండా జారిపోతుంది, ఆమ్లంతో కలిసే సమయం తగ్గుతుంది. కొంత ముతక నలుసు ఉంటే మేత నలిగేదాకా కందనకాయ దాన్ని వదలదు. రెండో పొరపాటు సున్నపురాయి పొడి ఎక్కువ కావడం. ఒక కాల్షియం కార్బొనేట్ అణువు రెండు హైడ్రోక్లోరిక్ ఆమ్ల అణువులను తటస్థం చేస్తుంది. మోతాదు మించినకొద్దీ కందనకాయలో పీహెచ్ పెరుగుతుంది. ఆ నష్టం కాల్షియం పట్టికలో కనబడదు, ప్రోటీన్ జీర్ణతలో బయటపడుతుంది.

కందనకాయ దాటితే ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం. దాని యూ ఆకారపు వంపులో క్లోమం ఒదిగి ఉంటుంది. క్లోమ నాళాలు, పైత్యరస నాళాలు తెరుచుకునేది ఈ వంపు చివర్లో, అంటే చిన్నపేగు నడిమి భాగమైన జెజునం మొదలయ్యే చోటికి దగ్గరలో. అలాంటప్పుడు ఆంత్రమూలంలో ఎంజైములు ఎలా ఉంటాయన్న అనుమానం రావచ్చు. కోడి పేగు మేతను ముందుకు నెట్టడంతో ఆగదు, వెనక్కీ తోస్తుంది. ఆ తిరుగు కదలికల వల్ల క్లోమరసం, పైత్యరసం ఆంత్రమూలంలోకి, ఒక్కోసారి కందనకాయ దాకా వెళ్లి మళ్లీ కిందికి వస్తాయి. పేగు పొట్టిగా ఉన్న పక్షికి ఈ ఎదురు నడక పెద్ద ఆసరా.

క్లోమం నుంచి వచ్చే ఎంజైములు మొదట నిద్రాణంగానే ఉంటాయి. పేగు గోడ మీది ఎంటిరోకైనేజ్ ట్రిప్సినోజెన్‌ను ట్రిప్సిన్‌గా మారుస్తుంది, ఆ ట్రిప్సిన్ మిగతావాటిని మేల్కొలుపుతుంది. ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్, ఎలాస్టేజ్ గొలుసును నడుమ తెంపుతాయి. కార్బాక్సీపెప్టిడేజ్‌లు ఒక కొస నుంచి ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఊడదీస్తాయి. మిగిలిన పొట్టి ముక్కల పని పేగు కణాల అంచు మీదే ఉన్న అమైనోపెప్టిడేజ్‌లు పడతాయి. ఇంత కోత తర్వాత పేగు గోడ ముందు నిలిచేవి మూడు రకాలు: విడి అమైనో ఆమ్లాలు, రెండేసి కలిసిన డైపెప్టైడ్లు, మూడేసి కలిసిన ట్రైపెప్టైడ్లు. నాలుగు అంతకు మించి ఉన్న గొలుసులకు మామూలుగా ప్రవేశం లేదు.

గోడ దాటే తలుపులు

చిన్నపేగు లోపలి ముఖమంతా ఆంత్రచూషకాలు, అంటే వేళ్లలాంటి సన్నని మొనలు. వాటి మీది ప్రతి కణానికీ సూక్ష్మచూషకాల అంచు. ఆ అంచులో రవాణా ప్రోటీన్లు నాటుకుని ఉంటాయి. ఒక్కో తలుపుకు ఒక్కో నియమం.

ల్యూసిన్, మెథియోనిన్ వంటి తటస్థ అమైనో ఆమ్లాలకు ప్రధానమైన తలుపు బీ-జీరో-ఏటీ1. ఒక సోడియం అయాన్ తోడుంటేనే అది తెరుచుకుంటుంది. గ్లుటమేట్, ఆస్పార్టేట్‌లకు ఈఏఏటీ3 అనే మరో తలుపు ఉంది, దానికీ సోడియం కావాలి. ఈ సోడియాన్ని కణం రక్తం వైపు గోడలోని పంపు నిరంతరం బయటికి తోడుతుంది. మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి, ప్రతి విడతకూ ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు. కణంలో సోడియం తక్కువగా ఉన్నంతవరకే బయటి సోడియం లోపలికి దూసుకొస్తూ అమైనో ఆమ్లాన్ని వెంట తెస్తుంది. దాణాలో ఉప్పు బాగా తగ్గితే పెరుగుదల ఎందుకు కుంటుపడుతుందో చెప్పే కారణాల్లో ఇదొకటి.

లైసిన్, ఆర్జినిన్ ధనావేశం ఉన్నవి. వాటి తలుపు మారక పద్ధతిలో నడుస్తుంది. బయటి నుంచి ఒక లైసిన్ లోపలికి రావాలంటే లోపలి తటస్థ అమైనో ఆమ్లం ఒకటి బయటికి పోవాలి. కాబట్టి కణంలో ల్యూసిన్ లాంటివి నిండుగా ఉండడం లైసిన్ రాకకు సాయమే. మరోవైపు లైసిన్, ఆర్జినిన్, సిస్టిన్ మూడూ ఇదే తలుపు దగ్గర పోటీ పడతాయి.

లైసిన్–ఆర్జినిన్ తగవును మొత్తంగా పేగు ఖాతాలో రాసేయడం సరికాదు. ఆ తగవు ఎక్కువగా మూత్రపిండాల్లో నడుస్తుంది. లైసిన్ అతిగా అందినప్పుడు కోడి మూత్రపిండాల్లో ఆర్జినేజ్ అనే ఎంజైము పెరిగి ఆర్జినిన్‌ను విరిచేస్తుంది. ఆర్జినిన్‌ను తయారుచేసే యూరియా చక్రం కోడికి పూర్తిగా లేదు, నత్రజనిని యూరిక్ ఆమ్లంగా వదులుతుంది. అందువల్ల తగ్గిన ఆర్జినిన్‌ను సొంతంగా తయారుచేసుకోలేదు.

ఇక పెప్టైడ్ల తలుపు పెప్‌టీ1. ప్రోటీన్లలో 20 అమైనో ఆమ్లాలున్నాయంటే డైపెప్టైడ్లు 400 రకాలు, ట్రైపెప్టైడ్లు 8,000 రకాలు కావచ్చు. వాటిలో చాలా భాగాన్ని ఈ ఒక్క తలుపే లోపలికి తీసుకుంటుంది. దీనికి సోడియం బదులు ప్రోటాన్ తోడు కావాలి. సూక్ష్మచూషకాల పక్కనే ఉండే పలుచని ఆమ్లపు పొర ఆ ప్రోటాన్లను అందిస్తుంది. పెప్‌టీ1 జన్యువును మొదట 1994లో కుందేలులో గుర్తించారు, కోడి పెప్‌టీ1 వివరాలు 2002లో వెలువడ్డాయి. ఒకప్పుడు చాలా కాలం పాటు పెప్టైడ్లు పూర్తిగా విడిపోయాకే శోషణ జరుగుతుందన్న అభిప్రాయమే బలంగా ఉండేది. ఒక తలుపులో ఒక్కో విడతకు రెండు మూడు అమైనో ఆమ్లాలు దాటుతుంటే అదే పొదుపైన దారి. లోపలికి వచ్చిన పెప్టైడ్లలో అత్యధిక భాగం కణంలోనే విడిపోయి, రక్తంలోకి విడి అమైనో ఆమ్లాలుగానే చేరుతుంది. అక్కడి నుంచి నిర్వాహక సిర మీదుగా కాలేయానికి ప్రయాణం.

ఎక్కడ ఎంత

ఆంత్రమూలంలో తలుపులు లేక కాదు, మేత అక్కడ నిమిషాల్లో దాటిపోతుంది కాబట్టి శోషణ తక్కువ. పెద్ద వాటా జెజునానిది. మిగిలినదాన్ని చిన్నపేగు చివరి భాగమైన ఇలియం ఏరుకుంటుంది. జెజునానికి, ఇలియానికి హద్దు మెకెల్ బొడిపె, పిండ దశలో పచ్చసొన సంచి అతికి ఉన్న చోటి గుర్తు.

ఇలియం దాటాక రెండు సీకాలు, అంటే ఒక కొస మూసుకుపోయిన పేగు సంచులు వస్తాయి. వాటి గోడకూ అమైనో ఆమ్లాలను పీల్చే శక్తి ఉంది. కానీ అక్కడికి చేరిన ప్రోటీన్ సూక్ష్మజీవుల పాలవుతుంది. అవి అమైనో ఆమ్లంలోని నత్రజనిని ఊడబెరికి అమ్మోనియాగా, ఎమీన్లుగా మారుస్తాయి. అమ్మోనియా రక్తంలోకి పోయినా కోడికి లైసిన్ తిరిగి రాదు. పైగా అరగని ప్రోటీన్ కింది పేగులో ఎక్కువైతే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు మేత దొరికినట్టే. నెక్రోటిక్ ఎంటరైటిస్ అనే పేగు రోగానికి దారితీసే పరిస్థితుల్లో ఇదొకటి.

అందుకే రెట్టను కొలిచి శోషణ లెక్క చెబితే తప్పుతుంది. సూక్ష్మజీవులు తిన్నది కూడా "మాయమైంది" పద్దులో పడిపోతుంది. కోడి రెట్టలో మూత్రం కూడా కలిసే ఉంటుంది కాబట్టి నత్రజని లెక్క మరింత చిక్కుపడుతుంది. ఇలియం చివరి భాగంలోని పదార్థాన్ని తీసి కొలిచే పద్ధతి ఇలా వచ్చింది.

ఒక లెక్క వేసి చూద్దాం

కోడి తిన్నదంతా, ఇలియంలో మిగిలినదంతా తూకం వేయడం కుదరదు. కాబట్టి జీర్ణం కాని, శోషణ కాని గుర్తుపదార్థాన్ని మేతలో కలుపుతారు. టైటానియం డైఆక్సైడ్ తరచుగా వాడేది. మిగతావి మాయమయ్యేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది.

మేత పొడి పదార్థంలో టైటానియం డైఆక్సైడ్ 0.5 శాతం, లైసిన్ 1.20 శాతం అనుకుందాం. ఇలియం పదార్థంలో అవి 2.0 శాతం, 0.72 శాతం వచ్చాయి. గుర్తుపదార్థం నాలుగింతలు చిక్కబడిందంటే మేతలో నాలుగో వంతే మిగిలింది. మిగిలిన లైసిన్ వాటా 0.25 × (0.72 ÷ 1.20) = 0.15. అంటే 85 శాతం మాయమైంది. ఇది ప్రత్యక్ష ఇలియల్ జీర్ణత.

ఇలియంలో దొరికిన లైసిన్ అంతా మేతదే అనుకోకూడదు. జీర్ణ ఎంజైములు, రాలిన పేగు కణాలు, జిగురు పొర, వీటన్నిటిలోనూ అమైనో ఆమ్లాలుంటాయి. కోడి ఏది తిన్నా తప్పని ఈ నష్టాన్ని మూల అంతర్గత నష్టం అంటారు. అది కిలో పొడి మేతకు 0.24 గ్రాముల లైసిన్ అనుకుంటే, మేతలోని 12 గ్రాములకు 2 శాతం అవుతుంది. 85కు 2 కలిపితే 87. ఇది ప్రామాణిక ఇలియల్ జీర్ణత.

రెండు శాతానికి ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు జవాబు మొక్కజొన్న దగ్గర దొరుకుతుంది. కిలో పొడి మొక్కజొన్నలో లైసిన్ 2.4 గ్రాములనుకోండి. అదే 0.24 గ్రాముల నష్టం ఇక్కడ 10 శాతం. ప్రత్యక్ష లెక్కలో 75 వచ్చినది ప్రామాణిక లెక్కలో 85 అవుతుంది. మొక్కజొన్న మారలేదు, కోడి మారలేదు. లైసిన్ తక్కువ ఉన్న గింజను ప్రత్యక్ష లెక్క అన్యాయంగా తక్కువ చేసి చూపింది. పైగా ప్రత్యక్ష అంకెలను ఒకదానితో ఒకటి కూడితే మిశ్రమ దాణా అంకె సరిపోదు. ప్రామాణిక అంకెలు కూడికకు చాలావరకు నిలుస్తాయి. దాణా సూత్రీకరణకు ఇవి మేలనడంలో నాకు సందేహం లేదు. అయితే ఆ దిద్దుబాటు అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. ప్రోటీన్ లేని మేత పెట్టి కొలిస్తే ఒకటి వస్తుంది, బాగా అరిగే ప్రోటీన్ పెట్టి కొలిస్తే మరొకటి వస్తుంది. ప్రోటీన్ లేని మేత మీద ఉన్న కోడి శరీరం మామూలు స్థితిలో లేదన్నది మొదటి పద్ధతి మీద ఉన్న అభ్యంతరం. ఆహారపు అమైనో ఆమ్లాలు ఒక్కటి కూడా మిగలకుండా అరిగాయని ఎలా అంటారన్నది రెండోదాని మీది అభ్యంతరం. రెండిట్లోనూ నిజముంది. వేర్వేరు పద్ధతుల్లో దిద్దిన అంకెలను ఒకే పట్టికలో కలిపితేనే అసలు ప్రమాదం.

ప్రోటీన్ ఒకటే, లైసిన్ సగం

కిలో దాణాలో 250 గ్రాముల సోయా చెక్క ఉందనుకుందాం. అందులో ప్రోటీన్ 46 శాతం, కిలోకు లైసిన్ 28 గ్రాములు. అంటే 115 గ్రాముల ప్రోటీన్, 7 గ్రాముల లైసిన్. జీర్ణత 90 శాతమైతే అందేది 6.3 గ్రాములు. దాని బదులు అదే 115 గ్రాముల ప్రోటీన్ కోసం 40 శాతపు పత్తి గింజల చెక్క వేస్తే 287.5 గ్రాములు కావాలి. కిలోకు 17 గ్రాముల చొప్పున లైసిన్ సుమారు 4.9 గ్రాములు, జీర్ణత 65 శాతమైతే అందేది దాదాపు 3.2 గ్రాములు. సంచి మీది ప్రోటీన్ శాతం మాత్రం మారలేదు.

లోటు 3.1 గ్రాములు. ఎల్-లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో లైసిన్ సుమారు 78 శాతం. విడి లైసిన్‌ను పూర్తిగా శోషణ అయ్యేదిగా లెక్కిస్తారు కాబట్టి కిలోకు 4 గ్రాములు కలిపితే లైసిన్ వరకు పూడుతుంది. మిగతా అమైనో ఆమ్లాల లోటును ఒక్కొక్కటిగా మళ్లీ చూసుకోవాలి.

పత్తి గింజల చెక్కలో లైసిన్ ఎందుకు అందదు? పత్తి గింజలో ఉండే గాసిపాల్ అనే విషపదార్థం లైసిన్ పక్క కొసను పట్టేసుకుంటుంది. ట్రిప్సిన్ కోసేది సరిగ్గా లైసిన్, ఆర్జినిన్‌ల పక్కనే. ఆ చోటు మూసుకుపోతే ఒక్క లైసిన్‌తో ఆగదు, చుట్టుపక్కల గొలుసు కూడా తెగకుండా మిగిలిపోతుంది.

వేడి చేసే మేలు, వేడి చేసే కీడు

పచ్చి సోయాలో ట్రిప్సిన్ నిరోధకాలున్నాయి. అవి ట్రిప్సిన్‌ను పట్టి ఆపేస్తాయి. లోటు తీర్చడానికి క్లోమం ఇంకా ఎంజైములు ఒలికిస్తుంది, క్లోమం ఉబ్బుతుంది. సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లాలు మెండుగా ఉండే ఆ ఎంజైములు కూడా పేగు వెంట పోతాయి. అంటే నష్టం రెండు వైపులా. తగిన వేడి, తేమ ఈ నిరోధకాలను నిర్వీర్యం చేస్తాయి.

వేడి మితిమీరితే లైసిన్ కొస చక్కెరలతో ముడిపడుతుంది, చెక్క రంగు ముదురుతుంది. దీన్ని పట్టుకోవడం కష్టం. ప్రయోగశాలలో ప్రోటీన్‌ను గాఢ ఆమ్లంలో మరిగించి లైసిన్ కొలుస్తారు. ముడిపడిన లైసిన్‌లో కొంత ఆ ఆమ్లానికి విడిపోయి మంచి లైసిన్‌గా లెక్కలోకి వస్తుంది. కోడి పేగులో అంత ఆమ్లం ఎక్కడిది? కాబట్టి నివేదికలో లైసిన్ బాగానే కనిపిస్తుంది, కోడికి అందదు. కొంతభాగం శోషణ అయినా శరీరం దాన్ని ప్రోటీన్‌లో వాడుకోలేదు. "మాయమైనదంతా పనికొచ్చింది కాదు" అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. అందుకే అనుమానమున్న సరుకులో క్రియాశీల (ముడిపడకుండా మిగిలిన) లైసిన్ పరీక్ష అడగాలి. సోయాకు యూరియేజ్ (సోయాలోనే ఉండే ఒక ఎంజైము) పరీక్ష ఒక్కటే చాలదు. అది తక్కువ వేడిని పట్టిస్తుంది, మితిమీరిన వేడిని పట్టించదు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ప్రోటీన్ ఎంత కరుగుతుందో చూసే పరీక్ష ఆ రెండో వైపును చూపుతుంది.

పేగు తీసుకునే వాటా

గోడ దాటిన అమైనో ఆమ్లాలన్నీ కాలేయం చేరవు. పేగు కణాలకు గ్లుటమేట్, గ్లుటమిన్, ఆస్పార్టేట్ ఇంధనం. కోడిపిల్లలో ఈ కణాల ఆయుష్షు కొద్ది రోజులే. కొత్తవి పుడుతూనే ఉండాలి, వాటికీ ప్రోటీన్ కావాలి. పేగును కాపాడే జిగురు పొర మ్యూసిన్‌లో థ్రియోనిన్ చాలా ఎక్కువ. ఆ మ్యూసిన్ తేలిగ్గా అరగదు కాబట్టి అందులో పోయిన థ్రియోనిన్ చాలావరకు తిరిగి రాదు. పేగుకు రోగం తగిలితే జిగురు ఉత్పత్తి పెరిగి థ్రియోనిన్ అవసరం పెరిగేది ఇందువల్లే.

విడి అమైనో ఆమ్లాలా, ప్రోటీనా?

దాణాలో ముడి ప్రోటీన్ తగ్గించి విడి అమైనో ఆమ్లాలతో పూడ్చే పద్ధతి మీద ఇప్పుడు చర్చ జోరుగా ఉంది. అనుకూలంగా చెప్పేవారి వాదన బలమైనదే. అరగని ప్రోటీన్ తగ్గితే కింది పేగులో కుళ్లు తగ్గుతుంది, యూరిక్ ఆమ్లం తగ్గుతుంది, కోడి తాగే నీరు తగ్గి లిట్టర్ పొడిగా ఉంటుంది. రెండు మూడు శాతం వరకు ఈ తగ్గింపు సాధారణంగా నిలుస్తుంది.

మరీ కిందికి దిగితే చిక్కులు మొదలవుతాయి. అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ పట్టిక ప్రకారమే ఉన్నా పెరుగుదల మందగిస్తుంది. కారణం మీద ఏకాభిప్రాయం లేదు. గ్లైసిన్, సెరిన్ చాలడం లేదని కొందరంటారు. యూరిక్ ఆమ్లం తయారీకి ఒక్కో అణువుకు ఒక గ్లైసిన్ ఖర్చవుతుంది కాబట్టి ఆ మాటకు ఆధారముంది. సోయా తగ్గడంతో పొటాషియం తగ్గి అయాన్ల సమతూకం చెడుతోందని మరికొందరంటారు. మూడో వాదన సమయానికి సంబంధించింది. విడి అమైనో ఆమ్లానికి కోత అవసరం లేదు, పేగు పైభాగంలోనే శోషణ అయిపోతుంది. ప్రోటీన్‌లో కట్టుబడి ఉన్నవి తర్వాత వస్తాయి. కండ కట్టాలంటే అన్నీ ఒకేసారి అందాలి, ముందొచ్చినది తోడు లేక ఆక్సీకరణకు పోతుంది. రోజుకు ఒకటి రెండు సార్లే మేత వేస్తే ఈ ప్రభావం గట్టిగా ఉండే వీలుంది. రోజంతా కొంచెం కొంచెంగా తినే కోడిలో తగ్గుతుంది. ఈ మూడిట్లో ఒక్కటే సరైనదని తేల్చే ప్రయత్నం కన్నా, ఏ దాణాలో ఏది ముందు అడ్డు పడుతోందో చూడడం ఉపయోగం.

పట్టిక అంకె ఏ కోడిది?

జీర్ణత పట్టికల్లో చాలా అంకెలు ఆరోగ్యంగా ఉన్న, మూడు నాలుగు వారాలు దాటిన కోళ్ల మీద కొలిచినవి. గుడ్డు నుంచి బయటికి వచ్చిన పిల్లకు మొదటి రోజుల్లో పచ్చసొన ఆసరా ఉన్నా, క్లోమం ఇంకా అంత ఎంజైము ఇవ్వలేదు, ఆంత్రచూషకాలు ఎదుగుతూనే ఉంటాయి. నాలుగో రోజున 80 శాతానికి కాస్త దిగువన ఉండే ప్రోటీన్ జీర్ణత మూడో వారానికి 90 దాటుతుంది. మొదటి రోజుల్లో పెట్టే ప్రీ-స్టార్టర్ దాణాకు పట్టిక అంకెను యథాతథంగా వాడితే పిల్లకు అందేది తక్కువే.

ఐమీరియా అనే పరాన్నజీవుల వల్ల వచ్చే పేగు రోగం కాక్సీడియోసిస్‌లో నష్టం చోటును బట్టి మారుతుంది. ఐమీరియా ఆసర్వులైనా ఆంత్రమూలాన్ని, ఐమీరియా మాక్సిమా జెజునాన్ని దెబ్బతీస్తాయి. చూషకాలు పొట్టివవడమే కాదు, సోకిన చోట రవాణా ప్రోటీన్ల తయారీ కూడా తగ్గుతుంది. దెబ్బ పైభాగంలో ఉంటే కింది ఇలియం కొంత భర్తీ చేయగలదు. మాక్సిమా దెబ్బ మాత్రం శోషణ అత్యధికంగా జరిగే చోటే పడుతుంది. అప్పుడు మంద ముందున్న దాణాలో లైసిన్ పట్టిక ప్రకారమే ఉంటుంది, ఇలియం చివరికి అరగకుండా చేరే లైసిన్ మాత్రం పెరుగుతుంది.